జెర్సీల మీద తోక

ఆ రోజుల్లో ఒక కంపెనీ బతికుందో పోయిందో తెలుసుకోవాలంటే చదువుకున్నవాళ్ళు పేపరు చూసేవాళ్ళు, ఇంకా బాగా చదువుకున్నవాళ్ళు కంప్యూటరు చూసేవాళ్ళు. నేను జెర్సీ చూసేదాన్ని. ఏడో తరగతితో బడి మానేసిన మనిషిని. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను గానీ కలిపి చదవడం రాదు. అయినా సింగపూర్‌లో ఫలానా కంపెనీ మూతపడిందని మా బ్లాకులో అందరికంటే ముందు నాకే తెలిసేది. ఎలాగంటారా? ఆ కంపెనీ పేరు విప్పే కత్తెర నా చేతిలో ఉండేది కాబట్టి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం, మీ దగ్గర దాచేదేముంది, ఆ కత్తెర ముట్టుకోవాలంటేనే భయమేసేది.

మా ఆయన నాకు మేనబావ. నేను పుట్టినప్పుడే పెద్దవాళ్ళు మాట అనేసుకున్నారు. ఆ తర్వాత బావ ఎంసీఏ దాకా చదువుకుంటూ పోయాడు, నేను ఏడో తరగతి దగ్గర ఆగిపోయి మా అమ్మ పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్నాను. అయినా మాట తప్పకుండా పెళ్ళి చేశారు. (బావ ఏనాడూ నన్ను చదువు రాని దానివని అనలేదు. "నాకు గుండీ కుట్టుకోవడం రాదు, నీకు కంప్యూటరు రాదు, చెల్లుకు చెల్లు" అనేవాడు.) మా అమ్మకి నరసరావుపేటలో హస్తవాసి మంచిదని పేరు. పెళ్ళిబట్టలకి మొదటి కత్తెర ఆవిడ చేతే వేయించేవాళ్ళు. నాకూ ఆ చెయ్యే వచ్చిందని అందరూ అనేవాళ్ళు, నేనూ నమ్మేశాను. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని లోకమంతా బెదిరిపోయి మనవాళ్ళని విమానాలెక్కించి తెప్పించుకుంటున్న కాలమది. అలా బావ సింగపూర్ వచ్చి సైన్స్ పార్క్‌లో ఒక ఆఫీసులో చేరాడు. యూ టీ అనే పేటలో అద్దెకి ఫ్లాటు తీసుకున్నాం. బావ ఉద్యోగం మీద బావకి ఆ దేశంలో ఉండటానికి పాసు, బావ పాసు మీద నాకు పాసు. ఆ ఉద్యోగం పోతే ఒక్క నెలలో ఇద్దరం పెట్టె సర్దుకోవాల్సిందే. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బావ పైఅధికారి ఐర్లండ్ మనిషి. ఎర్రజుట్టు, పాలు పోసి కడిగినట్టు ఒళ్ళు, ఆ తెలుపు మీద ముఖం నుంచి ముంజేతుల దాకా నువ్వులు చల్లినట్టు మచ్చలు. మా ఇంట్లో ఆయనకి నువ్వుల దొర అని పేరు పెట్టాను. (బావ ఆఫీసులో ఎక్కడ నోరు జారతాడోనని భయంగా ఉండేది గానీ, జారినా అక్కడ ఎవరికి అర్థమవుతుంది!) ఆ నువ్వుల దొర ఆదివారాలు తన దేశం కుర్రాళ్ళని పోగేసి వాళ్ళ ఆట ఆడించేవాడు. గేలిక్ ఫుట్‌బాల్ అంటారట. బావ మొదటిసారి చెప్పినప్పుడు నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

"కాలితో తన్నాలా, చేత్తో పట్టుకోవాలా?" అని అడిగాను.

"రెండూనూ."

"గుద్దొచ్చా?"

"బంతినైతే గుద్దొచ్చు."

"మనిషినైతే?"

"గుద్దకూడదు. కానీ గుద్దుతారు."

వాళ్ళ జెర్సీలు నేను చూసేనాటికే ముసలివి. ఎవరి ఊరినుంచో, ఎవరి నాన్నల కాలం నుంచో సముద్రాలు దాటి వచ్చాయి. ముదురాకుపచ్చ రంగు, తెల్ల కాలరు, మణికట్టు దాకా చేతులు, దుప్పటంత మందం. అవి వేసుకుని సింగపూర్ ఎండలో గంట ఆడితే మనుషులు కుక్కరులోంచి తీసినట్టు బయటికొచ్చేవాళ్ళు. ఒక ఆదివారం ఒకడు కళ్ళు తిరిగి పడిపోయాడు. దొరకి కోపమొచ్చి, ఆఫీసు కత్తెర తీసుకుని అన్నిటి చేతులూ మోచేతికి పైదాకా పరపరా కోసేశాడు. కోయడమైతే కోశాడు గానీ కోసినచోటల్లా పోగులు వేలాడుతున్నాయి. "మా ఆవిడ కుడుతుంది సార్" అనేశాడట బావ. అని, పెద్ద నీలం సంచీ ఒకటి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ సంచీ విప్పినప్పుడు వచ్చిన వాసన గురించి నేను రాయను, మీరు భోజనానికి కూర్చోబోతుండవచ్చు.

మిషను నాది కాదు. మా కింది అంతస్తులో ఒక చైనా ఆంటీ ఉండేది. ఆవిడ పనిచేసిన బట్టల ఫ్యాక్టరీ మూతపడితే, తను తొక్కిన మిషనుని తనే తోపుడుబండి మీద ఇంటికి తెచ్చుకుందట. ఆవిడకి తెలుగు రాదు, నాకు చైనా భాష రాదు, ఇద్దరికీ తలా ఒక గుప్పెడు ఇంగ్లీషు ముక్కలు. వాటితోనే పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పుకున్నాం. "ఫ్యాక్టరీ ఆల్సో డై. హస్బెండ్ ఆల్సో డై. మిషన్ స్టిల్ కెన్, లా" అని, మిషను మాత్రం ఇంకా పనిచేస్తుందన్నట్టు దాని నెత్తిన ప్రేమగా తట్టేది ఆంటీ. (మాట చివర లా తగిలించడం ఆ ఊరి అలవాటు.) నేను అంచులు మడిచి కుడుతుంటే పక్కన కూర్చుని ఆ వాసనకి ముక్కు మూసుకుంటూనే దారాలు కత్తిరించి ఇచ్చేది. పని చేసినందుకు దొర దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని, పాసు మీద ఉన్నదాన్ని కాబట్టి అది నేరమని బావ ముందే చెప్పాడు. దొర బిస్కెట్ల డబ్బా పంపేవాడు, ఆంటీ నేనూ తినేవాళ్ళం.

అంతవరకూ ఆ జెర్సీల గుండె మీద ఏమీ లేదు, ఖాళీ. తర్వాత ఒకరోజు బావ సంచీతో పాటు తెల్లగుడ్డ తాను కూడా తెచ్చాడు. ఒక కంపెనీ వాళ్ళు జట్టు ఖర్చులు పెట్టుకుంటారట, బదులుగా గుండె మీద వాళ్ళ పేరుండాలట.

"ఏం చేస్తారు వాళ్ళు?"

"కుక్కలకీ పిల్లులకీ తిండి కంప్యూటరులో అమ్ముతారు."

"కంప్యూటరులోంచి తిండి ఎట్లా వస్తుంది బావా?"

"అది ఇంకా వాళ్ళకీ తెలియదే. ముందు జెర్సీ తయారుచేయమన్నారు."

బావ కాగితం మీద గీసిచ్చిన అక్షరాల్ని గుడ్డలో కత్తిరించి ఒక్కొక్కటీ అతికి కుట్టాను. పేరు చివర ఒక చుక్క, చుక్క తర్వాత మూడక్షరాలు. డాట్ కామ్ అంటారని చెప్పాడు బావ. నేను తోక అన్నాను. కుట్టడానికి తలకంటే ఆ తోకే కష్టం, ఆ చుక్కని గుండ్రంగా కుట్టాలంటే ప్రాణం పోయేది.

నాలుగు ఆదివారాలు ఆడారో లేదో, నీలం సంచీ మళ్ళీ ఇంటికొచ్చింది. "ఆ పేరు విప్పేయమన్నాడు. వేరేది వేయాలట" అన్నాడు బావ. "పోయిందా?" అన్నాను. "పోయింది" అన్నాడు. పక్కింట్లో ముసలాయన గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం. కొత్త కంపెనీ వాళ్ళు ఇంటికి కూరగాయలు పంపుతారట. కాగితం మీద పేరు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే దాని చివర కూడా అదే తోక! కుట్టిన తోకని మళ్ళీ విప్పి మళ్ళీ కుట్టే పిచ్చిపని నేనెందుకు చేస్తాను? తోక ఉంచేసి తల మాత్రం మార్చాను. అది చూసి నువ్వుల దొర కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడట. "మీ మిస్సెస్‌కి చెప్పు, ఈ ఊళ్ళో నిలబడినదంటూ ఉంటే ఆవిడ కుట్టిన తోకే" అన్నాడట. కూరగాయలవాళ్ళు కూడా పోయారు. పెళ్ళిసంబంధాలవాళ్ళు వచ్చారు. తల విప్పడం, తల కుట్టడం. సంచీ వచ్చినప్పుడల్లా బావని "తోక ఉంచాలా?" అని అడగడం, "ఉంచమన్నాడు" అనడం మా ఇంట్లో ఒక అలవాటైపోయింది. పెళ్ళిసంబంధాలవాళ్ళూ పోయారు.

ఆ మూడో పేరు విప్పుతున్న రోజున చైనా ఆంటీ దారాలు ఏరుతూ ఏరుతూ ఆగి నా చేతుల వంక చూసింది. "అయ్యో. యూ స్యూ, దే డై. యూ స్యూ, దే డై. యువర్ హ్యాండ్ వెరీ సూయ్, లా!" అంది. సూయ్ అంటే అచ్చిరానిదని అర్థమట. ఆవిడ నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ ఆ మాట అరటిపండులో సూదిలా లోపలికి దిగిపోయింది. ఊళ్ళో పెళ్ళిబట్టలకి మొదటి కత్తెర వేసిన చెయ్యి ఇది. ఇక్కడికొచ్చాక ఏమైంది? బియ్యం కడుగుతున్నా, బావ కంచంలో అన్నం పెడుతున్నా నా చేతుల్ని నేనే అనుమానంగా చూసుకునేదాన్ని.

సరిగ్గా అప్పుడు బావ పళ్ళన్నీ కనపడేలా నవ్వుకుంటూ వచ్చాడు. "ఈసారి ఎవరు పేరిస్తున్నారో తెలుసా? మా కంపెనీయే! దొర ఒప్పించాడు. జెర్సీలు కూడా కొత్తవి. తెల్లవి, పల్చటివి, చెమట పీల్చేవి."

"బావా, ఈ ఒక్కటీ బయట దర్జీకి ఇవ్వమను."

"ఎందుకూ?"

"నా చెయ్యి అచ్చిరావట్లేదు."

బావ కాసేపు అర్థంకానట్టు చూసి, అర్థమయ్యాక పగలబడి నవ్వాడు. "పిచ్చిదానా, వాళ్ళు పోయింది వ్యాపారం నడవక. నీ సూదికే అంత శక్తుంటే మన కంపెనీకి పోటీగా ఉన్నవాళ్ళందరి పేర్లూ తెచ్చిస్తాను, వరసగా కుట్టేయ్!" అన్నాడు. నవ్వడానికేం, బాగానే నవ్వాడు. నాకప్పుడు మూడో నెల. సింగపూర్‌లో పురుడు పోసుకుని, బిడ్డని ఇక్కడే పెంచుకుని, ఎప్పటికైనా ఇక్కడే ఒక ఇల్లు కొనుక్కోవాలని ఆయన ఆశ. అదంతా ఇప్పుడు నా సూదిమొన మీద ఉంది కదా అనుకున్నాను.

కుట్టాను. పాత జెర్సీల మీంచి తోకలు జాగ్రత్తగా విప్పి, ఆకుపచ్చ రంగులో ముంచి ఆరేసి, కొత్త తెల్ల జెర్సీల మీద మా కంపెనీ పేరుకీ చివర అదే తోక కాబట్టి వాటినే కుట్టాను. ఇన్ని తలలు పోయినా బతికిన తోకలు కదా, వాటి ఆయుష్షయినా అంటుతుందని. కుట్టడం అయ్యాక మడతపెడుతుంటే గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ నేను కుట్టినవన్నీ పాతబట్టలు. ఇవి కొత్తవి! మన ఇళ్ళల్లో కొత్తబట్టకి పసుపు పెట్టకుండా ఎవరైనా ఒంటి మీద వేసుకుంటారా? అదీ నేను చేయాల్సిన పని. పసుపు తడిపి ప్రతి జెర్సీ కాలరు లోపల ఒక బొట్టు పెట్టాను. మామూలుగా అయితే అంతటితో ఆపాలి. కానీ భయం నా చేత పని చేయిస్తోంది కాబట్టి అంచుల్లో నాలుగు మూలలా నాలుగు, కంపెనీ పేరులో ప్రతి అక్షరం వెనకాల ఒకటి, తోక వెనకాల చుక్కకి ప్రత్యేకంగా ఒకటి పెట్టాను. పెట్టి, ఒక దణ్ణం పెట్టుకుని సంచీలో సర్దాను. బావకి చెప్పలేదు. చెప్పడానికేముంది, పసుపే కదా!

ఆ ఆదివారం కౌలాలంపూర్ నుంచి వచ్చిన జట్టుతో ఆట. నన్ను కూడా చూడటానికి రమ్మన్నారు. నేనూ బావా గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాం. నువ్వుల దొర చాలా శుభ్రమైన మనిషి, కొత్తవి కదా అని జెర్సీలన్నీ ముందురోజు సబ్బుపొడితో మిషనులో వేసి ఉతికి తెచ్చాడు. పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ దొరకేం తెలుసు! జట్టంతా వరసగా మైదానంలోకి దిగింది. తెల్లటి బట్ట మీద, మెడల దగ్గర, నడుముల దగ్గర, గుండెల మీద ఎర్రటి మరకలు. అందరినీ ఒకేసారి ఎవరో పొడిచినట్టున్నారు. కౌలాలంపూర్ వాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

ఆ ఆటలో ఒంటి మీద రక్తం కనపడితే ఆడనివ్వరట. ఆట నడిపే పెద్దమనిషి ఈలవేసి అందరినీ ఆపేశాడు. ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్ళి కాలరు లాగి గాయం ఎక్కడుందో వెతుకుతున్నాడు. వాళ్ళేమో తమ మెడలు తామే తడుముకుంటున్నారు. నువ్వుల దొర జెర్సీ వాసన చూశాడు, ఒక్క క్షణం ఆలోచించాడు, తలెత్తి సూటిగా మా గొడుగు వైపు చూశాడు. బావ నా వైపు చూశాడు. నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

"ఏం చేశావే?" అన్నాడు బావ, పెదాలు కదపకుండా.

"కొత్తబట్టలు కదా బావా. పసుపు పెట్టా."

"అందరికీనా?"

"ఒకరికి పెట్టి ఒకరికి మానేస్తే బాగుంటుందా?"

బావ మైదానం మధ్యదాకా నడుచుకుంటూ పోయి ఇంగ్లీషులో వివరించాడు. అక్కడ జరిగిన సంభాషణ తర్వాత నాకు చెప్పాడు. "ఇది రక్తం కాదండీ, పసుపు. మా ఇళ్ళల్లో ఆయుష్షు కోసం పెడతాం" అన్నాడట. "ఎవరి ఆయుష్షు కోసం?" అని అడిగాడట పెద్దమనిషి. "కంపెనీదండీ" అన్నాడట బావ. మైదానం అంతా గొల్లున నవ్వింది. గట్టు మీద కూర్చున్న నాకు ఆ నవ్వు మాత్రమే వినిపించింది. ఆట మొదలైంది. చెమట పట్టేకొద్దీ ఎరుపు విరిగి పసుపుపచ్చగా మారిపోయింది, ఆట అయ్యేసరికి జట్టంతా పెళ్ళికొడుకుల్లా ఉన్నారు. విచిత్రం ఏంటంటే, గెలిచారు! అప్పటిదాకా వీళ్ళు ఆ జట్టు మీద గెలవడం ఎవరూ ఎరగరట. ఆ తర్వాత నుంచి ప్రతి ఆటకీ ముందు దొర "యెల్లో?" అని అడిగించేవాడు. కొత్తబట్టకే పెడతాం, ఉతికినదానికి పెట్టకూడదని బావ ఎంత చెప్పినా వినేవాడు కాదు. నేను పెట్టేదాన్ని. నా చెయ్యి మళ్ళీ నా చెయ్యిలా అనిపించిన రోజులవి. ఎన్నో లేవు.

తర్వాత జరిగింది నవ్వుతూ చెప్పలేను గానీ, చెప్పాలి. కంప్యూటర్ల కంపెనీలు ఒకటొకటే కాదు, కలిసికట్టుగా పోవడం మొదలైంది. జట్టులో కుర్రాళ్ళు తగ్గిపోతూ వచ్చారు. ఒక ఆదివారం ఆడినవాడు తర్వాతి ఆదివారం విమానంలో ఉండేవాడు. వాడి జెర్సీ సంచీలోకి వచ్చేది, ఉతికి, మడిచి. మా బ్లాకు కింద ఎవరివో కుర్చీలు, మంచాలు, పిల్లల సైకిళ్ళు వదిలేసి ఉండేవి. నిన్నటిదాకా అన్నం తిన్న బల్లలు. బావ ఆఫీసులో కూడా వరసలు ఖాళీ అవుతున్నాయని తెలుసు. ఇంటికొచ్చి, "మా కంపెనీకేం కాదు, దొర ఉన్నాడుగా" అనేవాడు. అడక్కుండానే అనేవాడు, అదే నాకు భయం.

ఒక మంగళవారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే నువ్వుల దొర, భుజాన నీలం సంచీ. ఆ సంచీ ఎప్పుడూ బావే మోసుకొచ్చేవాడు, దొర మా గడప తొక్కడం అదే మొదలు. బూట్లు బయటే విప్పాడు. ఒక సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు. (దర్జీ బుద్ధి, నా కళ్ళు ముందు దాని మీదికే పోయాయి.) కూర్చోమని టీ పెట్టి, పళ్ళెంలో చేగోడీలు పోశాను. ఒకదాని తర్వాత ఒకటి నములుతూనే ఉన్నాడు, తింటున్న సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు. చివరికి, "మిస్సెస్, ద నేమ్..." అని తన గుండె మీద వేలితో ఒక గీత గీసి, తీసేయమన్నట్టు చెయ్యి విదిలించాడు.

నాకు అలవాటైన ప్రశ్నే అడిగాను. "టెయిల్ కీప్?"

చేగోడీ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "నో, మిస్సెస్. ద టెయిల్ టూ" అన్నాడు.

చెప్పడానికి ఏం మిగిలింది? తల ఒక్కటే పోతే ఇంకో తల వస్తుంది. తోక కూడా తీసేయమంటే, ఆ గుండె మీదికి ఇక ఎవరూ రావట్లేదని. "వెరీ గుడ్" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు, నాకొచ్చిన ఇంగ్లీషులో ఆ క్షణాన నోటికి దొరికింది అదే. దొర ఖాళీ అయిన పళ్ళెం వంక చూస్తూ "సారీ, మిస్సెస్" అన్నాడు. నా కడుపు వంక చూడకుండా లేచి వెళ్ళిపోయాడు. నాకప్పుడు ఏడో నెల.

సాయంత్రం బావ ఎప్పటి వేళకే వచ్చాడు. నారింజపళ్ళు తెచ్చాడు. నేను నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని విప్పుతున్నాను. ఏమీ చెప్పకూడదనుకున్నాను, ఒక్క పూట స్థిమితంగా అన్నం తిననిద్దామని.

"దొర వచ్చాడా?" అన్నాడు చొక్కా విప్పుకుంటూ.

"వచ్చాడు."

"టీ ఇచ్చావా?"

"ఇచ్చాను. చేగోడీలన్నీ తినేశాడు."

"తిననీలే, పొద్దుటినుంచి ఏమీ తిని ఉండడు." అనేసి, అనకూడనిది అన్నట్టు ఆగిపోయాడు. కాసేపు నా చేతుల వంక చూశాడు. "తోక కూడానా?" అన్నాడు.

"తోక కూడా."

బావ వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. సంచీలోంచి ఒక జెర్సీ తీసుకుని గోటితో దారం లాగడం మొదలెట్టాడు. గుండీ కుట్టుకోవడం రాని మనిషి! నా కుట్టు గట్టిది, ఒక్క పోగు కూడా రావట్లేదు. "ఇంత గట్టిగా ఎవరు కుట్టమన్నారే?" అన్నాడు. "నువ్వే" అన్నాను. అప్పుడు నవ్వు వచ్చింది ఇద్దరికీ, ఆ తర్వాత నవ్వు పోయి రెండోది వచ్చింది. సంచీ బావ ఎందుకు తేలేదో అప్పుడు చెప్పాడు. పొద్దున్నే ఆఫీసులో సంగతి తెలిసిందట. దొర సంచీ ఇవ్వబోతే, "నేను మోసుకెళ్ళలేను సార్, తోక తీయాలని చెప్పగానే మా ఆవిడకి తెలిసిపోతుంది, ఆ ముఖం నేను చూడలేను" అన్నాడట. ఆ చేదు పని దొర తన నెత్తిన వేసుకున్నాడు. ఆయన ఉద్యోగం కూడా ఆ పొద్దున్నే పోయిందని మాకు తెలిసింది మాత్రం ఆదివారం నాడు.

ఆ ఆదివారం ఆఖరి ఆట. మనుషులు చాలక బావని గోలు దగ్గర నిలబెట్టారు. జన్మలో బంతి ముట్టని మనిషి తెల్ల జెర్సీ వేసుకుని నిలబడితే, గుండె మీద విప్పిన పేరు జాడ కనపడుతోంది. చుట్టూ బట్ట చెమటకి మాసిపోయి, అక్షరాల అడుగున మాత్రం ఇంకా కొత్తగా, తెల్లగా ఉంది. బంతి వచ్చినప్పుడల్లా బావ మర్యాదగా పక్కకి తప్పుకునేవాడు. చిత్తుగా ఓడిపోయారు. అయ్యాక నువ్వుల దొర నా దగ్గరికొచ్చి తన కాలరు తిప్పి చూపించాడు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని పసుపు బొట్టు. "స్టిల్ హియర్, మిస్సెస్" అన్నాడు. తర్వాత సంచీలో అడుగున పడున్న పాత ఆకుపచ్చ జెర్సీ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. దానం చేసినట్టు కాదు, అప్పగించినట్టు పెట్టాడు.

పెట్టెలు సర్దేటప్పుడు చైనా ఆంటీ పైకొచ్చింది. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "నాట్ యువర్ హ్యాండ్, లా. దిస్ ఇయర్ ఎవ్రీబడీ హ్యాండ్ సూయ్" అంది. బిస్కెట్ల డబ్బా ఒడిలో పెట్టి, కడుపు వైపు వేలు చూపించి, "క్రై, క్యాన్. బట్ మస్ట్ మకాన్" అని గదమాయించింది. మకాన్ అంటే తినడం. నేను ఏడుస్తూనే రెండు బిస్కెట్లు తిన్నాను. ఆవిడ ముందు తినకుండా ఎవరూ తప్పించుకోలేరు.

నరసరావుపేటలో ఆడపిల్ల పుట్టింది. పురిటిబిడ్డకి కొత్తబట్ట వేయరు కదా, మెత్తటి పాతబట్ట ఏదైనా ఉందా అంది అమ్మ. అప్పటికి బావ ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో గుమ్మాలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. పెట్టెలో వెతికితే అట్టడుగున ఆకుపచ్చ జెర్సీ తగిలింది. తండ్రులూ కొడుకులూ తొడిగి, వానల్లో తడిసి, ఎండల్లో ఎండి వెన్నలా అయిపోయింది. అమ్మ దాన్ని చెంపకి ఆనించుకుని, "ఎంత మెత్తగా ఉందే! ఎవరు కట్టి విడిచింది?" అంది. "ఐర్లండ్ వాళ్ళు" అన్నాను. అమ్మకి ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో తెలియలేదు, తెలుసుకునే తీరికా లేదు. బిడ్డని అందులో చుట్టి నా పక్కన పడుకోబెట్టింది. దాని గుండె మీదికి సరిగ్గా తోక నీడ వచ్చింది. ఎండ తగలని ఆ చోట రంగు ఇంకా ముదురుగా ఉండిపోయింది, ఒక చుక్క, మూడక్షరాలు.

చాలా ఏళ్ళు హైదరాబాద్‌లో ఈదాక బావకి మళ్ళీ సింగపూర్‌లోనే పని దొరికింది. ఇప్పుడు ఊరికి ఇంకో కొసన పుంగ్గోల్‌లో ఉంటున్నాం. యూ టీకి వెళ్ళి చూశాను గానీ ఆంటీ ఇంట్లో వేరేవాళ్ళున్నారు, మిషను సంగతి ఎవరికీ తెలియదు. మొన్న మా అమ్మాయికి ఉద్యోగమొచ్చింది, సైన్స్ పార్క్‌లోనే. మొదటిరోజుకి చొక్కా కొనుక్కుని తల్లీ కూతుళ్ళం రైల్లో వస్తున్నాం. కొత్తబట్టకి పసుపు పెడతానన్నాను. "అమ్మా, నో. స్టెయిన్ అవుతుంది, లా. నీ ఐర్లండ్ స్టోరీ నాకు తెలుసు. పసుపు పెట్టావ్, కంపెనీ క్లోజ్డ్" అంది. "ఆ రోజు ఆట గెలిచారు కదా" అన్నాను, తగ్గకుండా.

అంతలో ఎదురుగా ఒక తెల్లకుర్రాడు వచ్చి నిలబడ్డాడు. బురద కాళ్ళు, చంకలో బంతి. మీద పల్చటి జెర్సీ, ఆకుపచ్చా తెలుపూ, గుండె మీద ఏదో బ్యాంకు పేరు, తోక లేదు. కానీ కాలరు లోపల అంచున, నేనెక్కడ పెట్టేదాన్నో సరిగ్గా అక్కడ, పసుపు దారంతో నేసిన చిన్న గుండ్రటి చుక్క. నేను అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అదీ చూసింది. చూసి అడిగేసింది, ఆ పసుపు చుక్క ఏమిటని. ఆ కుర్రాడు తన కాలరు తనే తిప్పి చూసుకుని భుజాలెగరేశాడు. "డోన్ట్ నో. అవర్ జెర్సీ, ఆల్వేస్ హ్యాజ్ ఇట్" అన్నాడు. చెబుదామనుకున్నాను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? కుక్కల తిండి దగ్గర్నుంచా? వాడు తర్వాతి స్టేషనులో దిగిపోయాడు.

ఇంటికొచ్చాక అమ్మాయి కొత్త చొక్కా తెచ్చి, కాలరు తనే మడిచి పట్టుకుంది. "కొంచెమే, ఓకే? అక్షరాల వెనకాల అవీ వద్దు." ఒక్క బొట్టు పెట్టాను. పెడుతుంటే మిషను ముందు కూర్చుని, ఊరి కంపెనీలన్నీ తన సూదిమొన మీదే నిలబడ్డాయనుకుని వణికిపోయిన, మూడో నెల కడుపుతో ఉన్న ఆ పిల్ల, ఒకప్పటి నేను, కళ్ళముందు కదిలింది. ఎంత పసుపు ఖర్చుపెట్టింది, పిచ్చిమొహం! ఒక్క కంపెనీని కూడా బతికించలేకపోయింది. చుక్క మాత్రం బతికింది.